జారిన చెయ్యి

హన్మాండ్లు పహిల్వాన్‌కు ఇంకొక్క కడియం కావాలి. ఒక్కటంటే ఒక్కటే.

తుంకిపల్లి జాతరలో ఏటా కుస్తీ పోటీలు జరుగుతాయి. చిన్నపిల్లల కొబ్బరికాయ కుస్తీతో మొదలై, పొద్దుగూకే వేళకు వెండి కడియం కుస్తీతో ముగుస్తాయి. మంజీర నదికి ఈవలి దరి నుంచీ ఆవలి దరి నుంచీ పహిల్వాన్లు వస్తారు. ఆఖరి కుస్తీ గెలిచినవాడి చేతికి ఊరి పెద్దలు కడియం తొడుగుతారు. అందరికంటే ఎక్కువ కడియాలు గెలిచిన మనిషి భీంరావు పటేల్. ఆయన పోయి చాలా కాలమైంది. ఇన్నేళ్లకు హన్మాండ్లు ఆయన సరసన చేరాడు. ఈ ఏడు కూడా గెలిస్తే ఆయన్ను దాటిపోతాడు.

మామూలుగా అయితే ఊరు పండగ చేసుకోవాల్సిన సంగతి. కానీ ఊరు రెండుగా చీలి కూర్చుంది.

దానికో కథ ఉంది. కుస్తీకి ముందు పహిల్వాన్లు ఒకరి ఒంటికి ఒకరు మట్టి పూస్తారు. ఎదుటివాడికి పట్టు దొరకాలి కదా, అందుకు. అది అక్కడి ఆచారం, అక్కడి మర్యాద. కొన్నేళ్ల కిందట ఆఖరి కుస్తీలో హన్మాండ్లుకు ఎదురుగా నిలబడ్డవాడు ఆవలి దరి కుర్రవాడు నాగ్‌నాథ్. పట్టాడంటే వదలడని పేరు. అలాంటివాడు హన్మాండ్లు భుజం పట్టి ఎత్తబోయి, చెయ్యి జారి, తన బరువు మీద తనే కూలాడు. కుడి భుజం గూడు తప్పింది. ఆ తర్వాత అతను మళ్లీ లంగోటు కట్టలేదు.

ఒంటికి నూనె రాసుకొచ్చాడని నాగ్‌నాథ్ పడ్డచోటి నుంచే అరిచాడు. పెద్దలు వచ్చి చూసేసరికి హన్మాండ్లు ఒళ్లంతా మట్టే. రుజువు లేదన్నారు, కడియం తొడిగేశారు.

అప్పటి నుంచి హన్మాండ్లు బరిలోకి దిగితే సగం మంది చప్పట్లు కొడతారు, సగం మంది ‘నూనె పహిల్వాన్’ అని కేకలు పెడతారు. ఈ ఏడు మరీ ఎక్కువైంది. చాయ్ హోటల్లో అదే మాట, క్షవరం దుకాణంలో అదే మాట. గెలిచినోడు గెలిచినట్టే, రికార్డు కొట్టనియ్యండని కొందరు. భీంరావు పటేల్ పేరు పక్కన ఆ పేరుండటమే ఎక్కువ, దాన్ని దాటిపోనిస్తారా, మర్యాదగా ఇప్పుడే తప్పుకోమనండని కొందరు. హన్మాండ్లు అటుగా వస్తే మాత్రం అందరూ కలిసి వానల గురించి మాట్లాడుకునేవాళ్లు.

ఇంట్లో భార్య సాయవ్వను అడిగాడు. ‘నీ ఇష్టం’ అంది. కాపురం చేసినవాళ్లందరికీ తెలుసు, ఆ రెండు మాటలు ఎంత బరువుంటాయో.

జాతర దగ్గరికొచ్చింది. హన్మాండ్లుకు కంటి మీద కునుకు లేదు. ఇక లాభం లేదనుకుని ఒక తెల్లవారుజామున లేచి ఉస్తాద్ దస్తగీర్ దగ్గరికి పోయాడు.

ఉస్తాద్‌ది ఊరి చివర కుస్తీ నేర్పే రేకుల కప్పు తాలీం. ఆయనకు వయసు మీద పడింది, మోకాళ్లు మాట వినవు. అయినా వేకువ ఫజర్ నమాజు కాగానే వచ్చి, తాలీం మట్టిలో మజ్జిగ, పసుపు కలుపుకుంటూ కూర్చునేవాడు. హన్మాండ్లుకు లంగోటు కట్టడం నేర్పింది ఆయనే. తండ్రి లేని పిల్లవాడని తన ఇంట్లోనే అన్నం పెట్టించి పెంచాడు. ఆయన ముందు నిలబడితే హన్మాండ్లు ఇప్పటికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుంటాడు.

“ఉస్తాద్, ఈసారి నేను దిగాల్నా, ఆగాల్నా?” అన్నాడు. “లోకం తలా ఒకటి అంటున్నది. మీరు ఏది జెప్తే అదే జేస్త.”

ఉస్తాద్ తలెత్తి చూశాడు.

“చేతులు గుంజుతున్నయ్ బేటా. జెర నూనె పెట్టు.”

హన్మాండ్లు నువ్వుల నూనె గిన్నె తెచ్చుకుని ఆయన ఎదురుగా మట్టిలో కూర్చున్నాడు. ముసలి చేతులను ఒళ్లో పెట్టుకుని మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా మాలిష్ చేశాడు. ఒక్కొక్క వేలూ మెల్లగా లాగాడు. ఆ చేతులంటే అతనికి ప్రాణం. తను నేర్చిన ప్రతి పట్టూ వాటి నుంచి వచ్చిందే. ఎప్పుడు ఇంత సన్నబడ్డాయో తను గమనించనే లేదని బాధ కలిగింది.

“సాలు,” అన్నాడు ఉస్తాద్. “ఇగ నన్ను లేపు.”

హన్మాండ్లు లేచి నిలబడి ఆయన చెయ్యి పట్టుకుని లాగాడు. చెయ్యి సర్రున జారింది. ఇద్దరూ నవ్వుకున్నారు. హన్మాండ్లు ఈసారి రెండు చేతులతో గట్టిగా పట్టాడు. ఉస్తాద్ సగం దాకా లేచాడు. అంతలో పట్టు మళ్లీ జారి, ఆయన వెనక్కి మట్టిలో చతికిలబడ్డాడు.

హన్మాండ్లు గబుక్కున వంగాడు. “నొచ్చిందా ఉస్తాద్? ఉండున్రి, రెక్కల కింద చెయ్యేసి లేపుత.”

“నేనేమన్న జొన్నల మూటనా? చెయ్యి పట్టి లేపు.”

“నూనె ఉన్నది ఉస్తాద్, ఎట్ల దొరుకుతది?”

ఉస్తాద్ చెయ్యి చాచి అలాగే కూర్చున్నాడు.

హన్మాండ్లు ఏ పహిల్వాన్ అయినా చేసే పనే చేశాడు. వంగి గుప్పెడు మట్టి తీసుకుని ఆయన చేతికి పూశాడు. అరచేతికి, మణికట్టుకు, మోచేతి దాకా, వేళ్ల సందుల్లో కూడా మెల్లగా రుద్దాడు. తర్వాత పట్టుకుని లేపితే ఆయన తేలిగ్గా పైకి లేచాడు.

లేచాక కూడా ఉస్తాద్ ఆ చెయ్యి వదల్లేదు.

“దొరికినా?”

“దొరికిన్రు ఉస్తాద్.”

“ఆ జాతర కాడికెల్లి నిన్ను పట్టుకుందామనే సూస్తున్న బేటా,” అన్నాడు ఉస్తాద్. “దొరుకుతలేవు.”

హన్మాండ్లు తల దించుకున్నాడు. అంత పెద్ద మనిషి, దున్నపోతులాంటి ఛాతీ, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఉస్తాద్ ఏడవనిచ్చాడు.

“ఆ ఏడు మోకాలు నొస్తుండె ఉస్తాద్. వాడేమో జవాన్ పోరడు. భయమైంది. మెడకు, భుజాలకు నూనె పూసుకున్న. వాడు మట్టి పూయొస్తె చేతులిచ్చిన, భుజాలు తప్పిచ్చిన. వాడు పడ్డంక నేనే మట్టిల పొర్లిన.”

“ఎర్కే.”

“ఎర్కుండి ఎన్నడు అనకపోతిరి.”

“నేనడిగితె నువ్వు లేదంటుంటివి. నువ్వు నాతోని అబద్ధమాడుడు నాకు ఇష్టం లేకుండె.”

హన్మాండ్లు మొహం తుడుచుకున్నాడు. మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. కానీ ఈసారి గొంతు వేరుగా ఉంది.

“మరి ఇప్పుడు జెప్పున్రి ఉస్తాద్. దిగాల్నా, వద్దా?”

“నన్నెందుకు అడుగుతవ్? జారిన చెయ్యి నాది గాదు.”

ఆ మాట అనేసి ఉస్తాద్ మజ్జిగ చెంబు అందుకుని తన పనిలో పడ్డాడు.

నాగ్‌నాథ్ ఇప్పుడు ఆవలి దరిలో పిండిగిర్నీ నడుపుకుంటున్నాడు. హన్మాండ్లు ఆ ఏడు గెలిచిన కడియం తువ్వాల్లో చుట్టుకుని మంజీర దాటాడు. దారిలో రెండు మూడు సార్లు వెనక్కి పోదామనిపించింది. బరిలో ఎంతటివాడికీ జంకని కాళ్లు ఆ గిర్నీ గడప ముందు ఆగిపోయాయి.

నాగ్‌నాథ్ ఎడమ చేత్తో జొన్నలు పోస్తున్నాడు. కుడి చెయ్యి నడుము దగ్గరే ఉండిపోయింది. వచ్చిందెవరో చూసి మోటారు ఆపాడు. గిర్నీ హోరు ఆగేసరికి హన్మాండ్లుకు ఇంకా ఇబ్బంది అయింది. ఆ చప్పుడులో చెప్పడమే సులువుగా ఉండేదేమో.

“ఆనాడు నూనె పూసుకున్న తమ్మీ,” అన్నాడు.

నాగ్‌నాథ్ చేతికంటిన పిండి దులుపుకున్నాడు. “నాకు జెప్పనీకొచ్చినవా? పట్టుకున్నది నేనే గదనే. నా చేతికి ఎర్కలేదా?”

హన్మాండ్లు తువ్వాలు విప్పి కడియం ముందు పెట్టాడు. “ఇది నీది.”

నాగ్‌నాథ్ దాన్ని ముట్టుకోలేదు. చాలాసేపు చూశాడు. తిడతాడేమోనని హన్మాండ్లు ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

“గిర్నీల ఇస్తున్నవేందే పహిల్వాన్? నువ్వు తీస్కున్నది ఈడ గాదు గద.”

హన్మాండ్లుకు అర్థమైంది. కడియం మళ్లీ చుట్టుకున్నాడు. గడప దాకా పోయి వెనక్కి తిరిగాడు.

“ఇంకోటి అడగాలె తమ్మీ. ఈ ఏడు నేను దిగాల్నా, వద్దా? నువ్వు వద్దంటె ఆగుత.”

“నువ్వు దిగితె నా భుజం వస్తదా? దిగకపోతె వస్తదా?” అన్నాడు నాగ్‌నాథ్. తర్వాత ఎందుకో అతని పెదవి కొంచెం వంగింది. “దిగు. నువ్వు పడంగ సూడాలనున్నది నాకు.”

ఆ మాటకు హన్మాండ్లుకు నవ్వొచ్చింది. కడుపు నిండా నవ్వి ఎన్నేళ్లయిందో. నాగ్‌నాథ్ మాత్రం నవ్వలేదు. మోటారు వేసుకున్నాడు.

జాతరనాడు ఇసుక వేస్తే రాలనంత జనం. ఉస్తాద్‌ను ఆటోలో తీసుకొచ్చి బరి పక్కనే కుర్చీ వేశారు. ఆఖరి కుస్తీకి డప్పులు మోగాయి. జాతర పెద్ద లింబాద్రి మైకులో పేర్లు పిలిచాడు. హన్మాండ్లు లంగోటుతో నడిచి వచ్చి ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాడు. చప్పట్లూ కేకలూ కలిసి మిన్నంటాయి. ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ తన చేతులు చూసుకుంటున్నాడు.

“నాగ్‌నాథ్ మీద గెలిచిన కడెం నాది గాదు,” అన్నాడు హన్మాండ్లు. “నేను నూనె పూసుకున్న. అది ఆయనది.”

డప్పులు ఆగిపోయాయి. చప్పట్లు కొట్టిన సగం మందే ముందు తిట్టడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లు వెనకేసుకొచ్చినందుకు వాళ్ల కడుపు మండింది. ఎవరో చెప్పు విసిరారు. అది వచ్చి అతని కాళ్ల దగ్గర పడింది. హన్మాండ్లు కదల్లేదు.

జనంలోంచి నాగ్‌నాథ్ లేచి వచ్చాడు. హన్మాండ్లు తువ్వాల్లోంచి కడియం తీసి అతని ఎడమ చెయ్యి అందుకోబోయాడు.

“కుడి చేతికి,” అన్నాడు నాగ్‌నాథ్. ఎడమ చేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని పైకెత్తి ముందుకు చాచాడు. హన్మాండ్లు కడియం తొడిగాడు. తిట్లు ఒక్కొక్కటే తగ్గాయి.

లింబాద్రికి వచ్చిన చిక్కు వేరు. మైకు తిరిగి తన చేతికొచ్చిందని మరిచిపోయి హన్మాండ్లు చెవిలో అడిగాడు. “మరి రికార్డెట్లనే? ఇయ్యాల గెలిచినా భీంరావు పటేల్‌ను దాటవు గద.” ఊరంతా విన్నది.

“దాటను,” అన్నాడు హన్మాండ్లు. “దిగుత.”

ఎదురుగా నిలబడ్డవాడు బాలాజీ అని బీదర్ వైపు కుర్రవాడు. ఇంత పెద్ద పహిల్వాన్ ఒంటి మీద చెయ్యి వేయడానికి బెరుకుగా, మట్టి తీసి చేతులకు రాసీ రాయనట్టు రాశాడు.

“అట్లగాదు బేటా. మంచిగ పూయి,” అన్నాడు హన్మాండ్లు. వాడికి అందేలా మెడ వంచాడు, భుజాలు ముందుకు ఇచ్చాడు. కుర్రవాడు ఒళ్లంతా మట్టి రుద్దేదాకా అలాగే వంగి నిలబడ్డాడు.

కుస్తీ చాలాసేపు జరిగింది. హన్మాండ్లు తన విద్య అంతా చూపించాడు, దాచుకున్నది ఏమీ లేదు. ఒక దశలో కుర్రవాణ్ణి ఎత్తేసినంత పని చేశాడు. కానీ వాడు మెడ పట్టుకున్నాడు. పట్టినవాడు పట్టినట్టే ఉన్నాడు, వదల్లేదు. చివరికి హన్మాండ్లు వీపు నేలకు ఆనింది. వీపుకు మట్టి అంటితే ఓటమి. తుంకిపల్లి బరిలో ఎదుటివాడి చేతిలో అతని వీపుకు మట్టి అంటడం అదే మొదటిసారి.

నాగ్‌నాథ్ కూర్చున్న వైపు హన్మాండ్లు చూడలేదు. కుర్రవాడి భుజం తట్టి, మెల్లగా నడిచి ఉస్తాద్ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. అతని ఊపిరి కుదుటపడేదాకా ఉస్తాద్ ఆగాడు.

“నొచ్చిందా?”

“లే ఉస్తాద్.” హన్మాండ్లు మెడ తడుముకున్నాడు. అక్కడ ఇంకా కుర్రవాడి వేళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. “మంచిగ పట్టుకున్నడు. ఎవరన్న అట్ల పట్టుకోక శాన దినాలాయె.”

ఉస్తాద్ భుజం మీది తువ్వాలు తీసి అతని మొహం మీది చెమట తుడిచాడు. కళ్లు తుడిచాడు. మెడ, ఛాతీ, చేతులు మెల్లగా తుడిచాడు. వీపు మీది మట్టి మాత్రం తుడవలేదు.