నూట డెబ్బై మీటర్ల గుంత

ఓబులపతికి అంగారకుడి మీద మంచు దొరికింది. దొరికి నాలుగు రోజులైనా దస్తగిరి మాస్టారు ఒక్క మాట మెచ్చుకోలేదు. అదీ అతని బాధ.

ఓబులపతి టీవీలు బాగుచేస్తాడు. జనం పాత టీవీలు బాగుచేయించుకోవడం మానేశాక మిగిలిన తీరికంతా ఖగోళానికి ఇచ్చేశాడు. చదివింది పదో తరగతి, అదీ రెండు విడతల్లో. మిగతాదంతా సొంతంగా నేర్చుకున్నాను కాబట్టి తప్పులు కూడా నా సొంతమేనని తనే చెప్పుకునేవాడు. వాటిని దిద్దేది ఎర్రకొండల మధ్యనున్న అతని ఊళ్లోనే రిటైరై ఉంటున్న ఫిజిక్సు మాస్టారు దస్తగిరి.

అంగారకుడి చుట్టూ తిరిగే ఉపగ్రహం కిందికి రేడియో తరంగాన్ని పంపుతుంది. నేల నుంచి ఒక జవాబు వస్తుంది. నేల కింద ఇంకో పొర ఉంటే కాస్త ఆలస్యంగా రెండో జవాబు వస్తుంది. ఎంత ఆలస్యమైతే అంత లోతు. ఆ జవాబులన్నీ గీతలుగా ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అచ్చు తీసుకున్న ఒక కాగితంలో నేల గీత కింద లావుపాటి గీత ఒకటి ఓబులపతి కంటబడింది. నేల కింద పాతుకున్న మంచు తప్ప మరొకటి కావడానికి వీల్లేదని పది నిమిషాల్లో తేల్చేశాడు. టీవీలో లోపం కనుక్కోవడానికి అతనికి రెండు రోజులు పడుతుంది.

మంచు దొరికిందని చెబితే, ఇంట్లో ఫ్రిజ్‌లో ఆర్నెల్లుగా అది దొరకడం లేదని భార్య సుంకులమ్మ గుర్తుచేసింది. తర్వాత చూద్దామన్నాడు.

బెంగుళూరులో ఔత్సాహికుల సంఘం ఒకటుంది. ఇలాంటివి కనుగొన్నామంటూ వచ్చే ఉత్తరాల్ని వడకట్టి శాస్త్రవేత్తల ముందు పెడుతుంది. ఈ విడతకి ఆ రోజు సాయంత్రం ఐదుకల్లా పంపాలి. గురువు సంతకం ఉండాలి. ఒకసారి తప్పుడు కబురు పంపినవాడి ఉత్తరం వాళ్లు మళ్లీ తెరవరు. ఓబులపతి నాలుగు పేజీలు రాసి మాస్టారింటికి తెచ్చాడు. వాటిలో "నేను కనుగొన్న" అన్న మాట పదకొండు చోట్లుంది.

మాస్టారు నాలుగు పేజీలూ చదివి కళ్లజోడు తీశారు. సంతకం సంగతెత్తకుండా, అలా చేనుదాకా వెళ్లొద్దాం పదమన్నారు.

ఇంటి వెనక దారిలో ఓబులపతి భుజం మీది తువ్వాలు లాగి అతని కళ్లకే కట్టారు. చెయ్యి పట్టుకుని నడిపించి ఒకచోట ఆపారు.

"ముందర గుంతుంది. చూసుకో."

"కండ్లకు గుడ్డ కట్టి చూసుకోమంటే ఎట్ల సార్."

"అయితే పిలిచి చూడు."

ఓబులపతి ఒక కాలు వెనక్కి వేసి, మాస్టారి చొక్కా గట్టిగా పట్టుకుని, హోయ్ అని అరిచాడు. ఒక్క సెకను ఏమీ లేదు. తర్వాత హోయ్ అని తిరిగొచ్చింది.

లోతెంతని మాస్టారు అడిగారు. అలాంటి లెక్కంటే ఓబులపతికి ప్రాణం. శబ్దం సెకనుకు మూడువందల నలభై మీటర్లు పోతుంది, పోనూ రానూ కాబట్టి అందులో సగం. నూట డెబ్బై మీటర్లని తడుముకోకుండా చెప్పాడు. ఇంతటి గుంతకు కంచె వేయించనివాళ్లని నాలుగు మాటలు కూడా అన్నాడు.

మాస్టారు తువ్వాలు విప్పారు.

ముందు మోకాలి లోతు గుంత. వేపమొక్క నాటడానికి తవ్వింది. అందులో ఒక మేక పడుకుని నెమరేస్తూ ఓబులపతిని చూస్తోంది. చేను అవతల నిటారుగా రాతికొండ. పుట్టినప్పట్నుంచీ రోజూ చూస్తున్న కొండే.

మాస్టారు అతణ్ని కొండవైపు వంద అంగలు నడిపించి మళ్లీ పిలవమన్నారు. ఈసారి జవాబు తొందరగా వచ్చింది.

ఇద్దరూ మాస్టారింటికి తిరిగొచ్చారు.

ఓబులపతి సంచిలోని కాగితాలన్నీ వరండాలో పరిచాడు. ఉపగ్రహం ఆ చోటి మీదుగా ప్రతిసారీ కాస్త పక్కకి జరిగి ఏడుసార్లు వెళ్లింది, దారికో కాగితం. అతను ఇంతవరకూ ముద్దుగా చూసుకున్నది ఒక్క కాగితాన్నే. మిగతా ఆరింటిలో లావు గీత ఒక్కోదాంట్లో ఒక్కో లోతులో ఉంది. ఆ దారి పక్కన ఎత్తయిన గుట్ట ఉందని పటం చెబుతూనే ఉంది. పాతుకున్న మంచు అటూ ఇటూ నడవదు.

కాగితాలు మడవబోయి ఆగాడు. లావు గీతకి పైన వెంట్రుకంత గీత ఇంకొకటి. దాన్ని చూసి మొన్న ప్రింటర్‌ని తిట్టాడు. స్కేలు పెట్టి కొలిచాడు. ఏడింటిలోనూ ఒకే లోతు. మళ్లీ కొలిచాడు. మాస్టారింట్లోంచి వచ్చిన టీ చల్లారిపోయింది. మూడోసారి కొలిచాడు.

నాలుగున్నరకి పాత ఉత్తరం చించేసి కొత్తది రాశాడు. అన్నీ కలిపి నాలుగు వాక్యాలు. లావు గీత, దారి పక్కనున్న గుట్ట ఇచ్చిన జవాబు. సన్న గీత ఏడు దారుల్లోనూ ఒకే లోతులో ఉంది. అది మంచేనని నా నమ్మకం. మీరూ కొలిచి చూడండి.

మాస్టారు అది చదివి పెన్ను మూత తీశారు. సంతకం సగంలో ఉండగా ఓబులపతి నోరు ఊరుకోలేదు.

"అక్కడా ఇక్కడా నన్ను కొండలే మోసం చేసినాయి సార్."

మాస్టారు సంతకం పూర్తిచేసి కాగితం అతని చేతికిచ్చారు.

"కొండనెందుకంటావు నాయనా. గుంతుందని నేను చెప్పాను. లోతు నువ్వు తవ్వుకున్నావు."