మూరకు ఒక దుంప

కొండల నడుమ తుమ్మలకోన అని ఒక అడవి. కుందేళ్లు, ముంగిసలు, నక్కలు, పందికొక్కులు, ఎలుగుబంట్లు, ఒక ముళ్లపంది అక్కడ కాపురం ఉండేవి. పక్కనే వాగు. వాన పడిందంటే చాలు, ఆ వాగు ఒడ్డులు కోసుకుంటూ వచ్చేది. వానాకాలం గడవాలంటే అక్కడ ఎవరికైనా గట్టి బొరియ ఉండాల్సిందే.

బొరియలు తవ్వడంలో ముళ్లపందిదే పెద్ద పేరు. అతని పేరు ముళ్లయ్య. "నేను ఉత్త తవ్వేవాణ్ని కాను, ఇంజినీరుని!" అనేవాడు. ఒంటి మీది ముల్లు ఒకటి పీకి, ఇసుకలో ఇంటి బొమ్మ గీసి మరీ చూపించేవాడు. ఆ గీతలు చూసి అందరూ నోళ్లు వెళ్లబెట్టేవారు.

చుక్కమ్మ అనే కుందేలు నిండు చూలాలు. కుందేలుకి తవ్వడం రాదు కదా! పొదలో పిల్లల్ని పెడితే వాగు నీళ్లు వచ్చి ఎత్తుకుపోతాయి. మబ్బులు చూస్తే నేడో రేపో అన్నట్టున్నాయి. చుక్కమ్మ మహా బిడియస్తురాలు. నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకి చెమటలు పట్టేవి. అయినా కడుపులో పిల్లల కోసం ధైర్యం చేసి ముళ్లయ్య దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, నాకో చిన్న ఇల్లు కావాలి."

"చిన్నదేంటమ్మా! కట్టుకుంటే కట్టుకున్నట్టుండాలి. నా ఫీజు మూరకు ఒక దుంప."

"మొత్తం ఎన్ని మూరలవుతుంది బాబాయ్?"

"అది నేలని బట్టి ఉంటుంది. ఇంజినీరువి నువ్వా, నేనా?"

చుక్కమ్మ సరేనని తల ఊపింది.

ముళ్లయ్య తవ్వడం మొదలుపెట్టాడు. మూరకు ఒక దుంప కదా, మరి బొరియ తిన్నగా పోతే అతనికేం లాభం? కుడికి తిప్పాడు. ఎడమకి తిప్పాడు. వాగు వైపుకి దింపాడు, మళ్లీ మిట్టకి ఎక్కించాడు. "ఈ వంపు గాలికి. ఈ వంపు అందానికి" అంటూ తిప్పుతూనే ఉన్నాడు. చుక్కమ్మ ఆ బరువు పొట్టతోనే అడవంతా తిరిగింది. అడవిపందులు పెళ్లగించి వదిలేసిన దుంపలు ఏరి ఏరి తెచ్చి పోసింది.

పక్కింటి పందికొక్కు నరసమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఏమే చుక్కీ, ఇల్లు కట్టిస్తున్నావా, ఊరు కట్టిస్తున్నావా?"

ఎలాగో ఇల్లు పూర్తయింది. ఆ చివరి గదిలోనే చుక్కమ్మ ముగ్గురు పిల్లల్ని కన్నది. పిల్లలకి ఇంకా గెంతడం కూడా రాలేదు, ఇంతలో వాన దిగింది!

వానంటే వానా అది! ఆకాశానికి చిల్లు పడ్డట్టే! వాగు ఉరుకులు పరుగుల మీద పొంగింది. వాగు వైపుకి దింపిన వంపు దగ్గర మట్టి కూలి, నీళ్లు బుసబుసమంటూ బొరియలోకి దూకాయి.

చుక్కమ్మ ఒక పిల్లని నోట కరుచుకుని పరుగెత్తింది. కుడికి తిరిగింది. నీళ్లు! ఎడమకి తిరిగింది. అటూ నీళ్లే! వచ్చిన దారేదో, పోయే దారేదో తెలియలేదు. మళ్లీ గదిలోకే వచ్చి పడింది. నీళ్లు ఆమె పాదాలు ముంచేశాయి.

ఎన్నడూ గొంతెత్తని చుక్కమ్మ అప్పుడు గావుకేక పెట్టింది. "ఎవరైనా రండి! నా పిల్లలు!"

"చుక్కీ!" అని నరసమ్మ గొంతు వినిపించింది. "ఎక్కడున్నావే?"

"లోపల గదిలో!"

"లోపలేంటే! నా చెవి పక్కనే అరుస్తున్నావు. నేను మీ గుమ్మంలో నిలబడ్డాను!"

అప్పుడు తెలిసింది అసలు సంగతి. అన్ని వంపులు తిరిగీ తిరిగీ ఆ గది మళ్లీ గుమ్మం పక్కకే వచ్చింది! నడుమ ఉన్నది జానెడు మట్టి గోడ. ఆ జానెడు తవ్వితే సరిపోయే ఇంటికి ముళ్లయ్య గుట్టెడు దుంపలు గుంజాడు!

"నువ్వు అటు గీకు, నేను ఇటు తవ్వుతా!" అంది నరసమ్మ. గోళ్లు ఊడిపోతాయా అన్నట్టు ఇద్దరూ గీకారు. గోడ దబ్బున కూలింది. ఒకటి, రెండు, మూడు! పిల్లలు ముగ్గురూ బయటపడ్డారు.

వాన వెలిశాక అడవికి పెద్ద దిక్కైన ఎలుగు పెద్దమ్మ అందర్నీ పంచాయితీకి పిలిచింది.

"నేను దొంగతనం చేశానా?" అన్నాడు ముళ్లయ్య ముళ్లు విదిలించి. "తవ్విన మూరలకే దుంపలు తీసుకున్నాను. నా విద్యకి విలువ లేదా?"

"ఇక మీదట వీడికి ఒక్క దుంపా ఇవ్వొద్దు. ఊరికే తవ్వించుకుందాం" అంది నక్క.

"ఊరికే తవ్వించుకుంటే పనీ అలాగే ఏడుస్తుంది" అంది ఎలుగు పెద్దమ్మ. "విద్యకి విలువ ఉంది. దానికో లెక్కుండాలి. చుక్కమ్మా, నీళ్లలో నిలబడ్డదానివి నువ్వు. నువ్వు చెప్పు."

అందరూ ఆమె వైపు తిరిగారు. చుక్కమ్మ నరసమ్మ వెనక్కి జరగబోయింది. కానీ ఒళ్లో పిల్లలు కదిలారు. అంతే, మాట దానంతట అదే వచ్చింది.

"మూరల లెక్క వద్దు పెద్దమ్మా. ఇంటికి ఇంత అని ముందే అందరి ఎదుటా తేల్చుకోవాలి. సగం ముందు ఇవ్వాలి. వాన పడినప్పుడు తవ్వినవాడే ఆ ఇంట్లో కూర్చోవాలి. తడవకుండా బయటికి వస్తే మిగతా సగం ఇవ్వాలి."

"శభాష్!" అని అడవి అడవంతా గంతులేసింది. చుక్కమ్మ దగ్గర ఎక్కువ గుంజిన దుంపలు తిరిగి ఇచ్చేయమని కూడా పెద్దమ్మ తీర్పు చెప్పింది.

ముళ్లయ్య మూతి తిప్పుకున్నాడు. అప్పటికే ముంగిస కోసం అలాంటి వంకరటింకర ఇల్లే తవ్వి ఉంచాడు మరి! ఆ ఇంటికీ కొత్త లెక్కే పెట్టారు, ముంగిస సగం ముందే ఇచ్చింది. "నా ఇంటికేం ఢోకా లేదు" అని గొప్పగా వెళ్లి లోపల కూర్చున్నాడు. మళ్లీ వాన దంచింది. కాసేపటికే లోపల్నుంచి కేకలు. "బాబోయ్, దారి దొరకట్లేదు! తీయండి!"

"కూర్చో అన్నయ్యా, వాన ఇంకా తగ్గలేదు. రూలు రూలే!" అంది నరసమ్మ గుమ్మంలోంచి. అడవంతా పగలబడి నవ్వింది. చివరికి నరసమ్మే జాలిపడి తవ్వి అతన్ని బయటికి లాగింది. ముల్లు ముల్లుకీ బురద ముద్దలు! ముంగిస ఇవ్వాల్సిన మిగతా సగం ముళ్లయ్యకి దక్కలేదు. ఇంటిని తిన్నగా, మిట్ట మీద, మళ్లీ మొదటినుంచి తవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడు తుమ్మలకోనలో ఎవరు ఇల్లు కట్టుకున్నా ముందు చుక్కమ్మని పిలుస్తారు. ఆమె ఎదుటే ఫీజు ఖాయం చేసుకుంటారు. ఆమె పిల్లలు ముగ్గురూ పొడి నేల మీద హాయిగా పెరుగుతున్నారు.

నీతి: విద్యకి తగిన ఫీజు ముందే న్యాయంగా తేల్చుకోవాలి, ఫీజు తీసుకున్నవాడు తన పనికి తానే పూచీ పడాలి.