ఓడిన మాటను మోసిన గాడిద

గలిలయ కొండల్లో రబ్బీల పాఠశాల ఒకటుండేది. రబ్బీలంటే యూదుల గురువులు. ధర్మమంతా వాళ్లు నోటితోనే చెప్పేవారు, శిష్యులు కంఠతా పట్టేవారు. వాదన వస్తే ఎక్కువమంది ఒప్పుకున్న మాటే ఖాయం. అయితే విడ్డూరం చూడండి, ఓడిన మాటను కూడా అన్నవారి పేరుతో సహా వల్లించేవారు!

వెనక దొడ్డిలోని గాడిద ఇది విని విని, తమ జంతువుల కట్టుబాట్లు కూడా అలాగే బట్టీపట్టింది. పాపం, దానికి ఒకటే అయోమయం. నెగ్గింది ఒక మాటైతే రెండూ ఎందుకు మొయ్యాలి?

ఓ మండుటెండలో నక్క దొడ్డి తలుపు దగ్గరికొచ్చింది. "గాడిదన్నా, గొంతెండిపోతోంది. దాహమని వస్తే తలుపు తియ్యాలని మీ కట్టుబాటేగా?"

"అవుననుకో. కానీ ఆ కట్టుబాటు పెట్టినప్పుడు మేకపోతు తాత ఇంకోటి అన్నాడు..."

"నెగ్గాడా?"

"లేదు. ఆయనొక్కడే ఓ పక్క, అందరూ ఓ పక్క."

"మరింకేం! ఆ ఓడిన మాట పారేయ్. తలనొప్పి వదిలిపోతుంది."

గాడిదకి ప్రాణం లేచొచ్చింది. లోపల కోడిపెట్ట ఏడు పిల్లల్నీ రెక్కల కింద దాచుకుని, "తియ్యొద్దన్నా, నీకు పుణ్యముంటుంది!" అని ఏడ్చింది.

"కట్టుబాటమ్మా, నేనేం చెయ్యను?" అంటూ గాడిద గడియ దగ్గరికెళ్లింది. తీసేముందు కట్టుబాటు పైకి వల్లించడం ఆనవాయితీ. "దాహమని వస్తే తలుపు తియ్యాలని అందరూ అన్నారు, ముందు నీళ్లు బయటికివ్వండి, తాగాకే తియ్యండి అని మేకపోతు తాత అన్నాడు."

"సగమే చెప్పవయ్యా!" అంది నక్క.

గాడిద మళ్లీ మొదలెట్టింది. మళ్లీ తాత దాకా వెళ్లిపోయింది. ఎన్నిసార్లు చెప్పినా అంతే, నోరు మధ్యలో ఆగదే!

కోడిపెట్ట చప్పున తలెత్తింది. "అన్నా, తాత చెప్పినట్టే చేసి చూడు!"

గాడిద నీళ్ల మూకుడు తలుపు కిందనుంచి తోసింది. నక్క వాగులో కడుపునిండా తాగొచ్చింది మరి, ఒక్క గుక్క దిగితే ఒట్టు. తాగబోతే నీళ్లు ముక్కులోంచి బయటికొచ్చేశాయి.

"ఇదేనా దాహం, బావా?" అంది కోడిపెట్ట. నక్క తిట్టుకుంటూ కొండెక్కేసింది.

"ఇంతకీ ఇవాళ ఎవరి మాట నెగ్గినట్టు?" గాడిద బుర్ర గోక్కుంది.

"నాకేం తెలుసన్నా," అంది కోడిపెట్ట పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ. "నువ్వు మాత్రం రెండూ మర్చిపోకు."

నీతి: ఇవాళ ఓడిందని ఏ మంచి మాటనీ పారెయ్యకూడదు, రేపు ప్రాణం కాపాడేది అదే కావచ్చు.