అంచె పోలన్న పరుగు

అనగనగా, ఉత్తరాలన్నీ మనుషుల కాళ్ళ మీదే ప్రయాణం చేసే రోజుల్లో, ఏటికి కోసెడు దూరంలో ఒక కోట ఉండేది. ఆ రోజుల సంగతే వేరు! గజ్జెల కర్ర ఘల్లుమందంటే చాలు, "అదిగో, అంచెవాడు!" అంటూ జనమంతా చేతిలో పని వదిలేసి వీధిలోకి వచ్చేవారు. ఆ చప్పుడు ఇప్పుడు వినాలన్నా వినపడదు.

ఆ కోటలో అంచెవాడు పోలన్న. కోట వాకిలి నుంచి ఏటి రేవు దాకా రాజుగారి ఉత్తరాలు మోసుకుని పరుగెత్తడం అతని పని. ఒక్క ఊపిరిలో అయ్యేంత దగ్గరా కాదు, తీరిగ్గా పోయేంత దూరమూ కాదు. వాకిట్లో గంట మోగగానే రేవులో పడవవాడు చిల్లుగిన్నెను నీళ్ళలో వదిలేవాడు. అది మునిగేలోగా పోలన్న చేరాలి. మునిగిందా, పడవ కదిలిపోతుంది.

ఒక వానాకాలం ఏరు పక్కకు జరిగింది. రేవు ఇంకాస్త దూరమైంది. అప్పటినుంచి రోజూ పడవ తప్పిపోసాగింది.

"పున్నమి దాకా చూస్తాం. అప్పటికీ పడవ అందుకోలేకపోతే, నీ గజ్జెల కర్ర ఇంకొకరికి ఇస్తాం" అన్నాడు రాజు.

పోలన్న చెప్పులు వదిలేశాడు. ఒళ్ళు తేలికపడుతుందని రాత్రి అన్నం మానేశాడు. తెల్లవారకముందే ఆ దారంతా రెండుసార్లు దౌడు తీశాడు. ఏం చేసినా అదే నాలుగు ఊపిరుల ఆలస్యం.

ఒకనాటి ఉదయం, పడవ తప్పాక, ఒకప్పటి అంచెవాడైన గవరయ్య దగ్గరికి వెళ్ళి, "తాతా, నా కాళ్ళు ఇంతేనేమో" అని ఏడ్చాడు.

"ఇందాక పరుగెత్తిన దారే చూద్దాం, నడువు" అన్నాడు గవరయ్య.

బజారు దుమ్ములో పోలన్న అడుగుజాడల మధ్య నాలుగు మూరల ఎడం. ఏటి ఇసుకలో రెండు మూరలే.

"మధ్యలో ఏం పోయిందిరా?"

"ఊపిరి, తాతా."

"ఎవరికిచ్చావు?"

పోలన్న తల దించుకున్నాడు. బజారులో జనం "శభాష్, పోలన్నా!" అనగానే పొంగిపోయి రెచ్చిపోయేవాడు మరి.

"నా కర్రా అలాగే పోయింది. నాకు చెప్పేవాడు లేకపోయాడు" అన్నాడు గవరయ్య, కళ్ళు తుడుచుకుంటూ. "తెల్లవారుజాము దౌడు మానెయ్. కడుపునిండా తిను. సాయంత్రాలు ఇసుకలో నూరు అడుగులు దూసుకుపో, ఊపిరి కుదిరాక మళ్ళీ దూసుకుపో. బజారులో మాత్రం, ఎవరేమన్నా, నిదానం."

ఆ చివరిదే కష్టమైంది. "ఏం పోలన్నా, పెళ్ళివారితో నడుస్తున్నావా?" అని బజారంతా నవ్వింది. తల కొట్టేసినట్టయింది పోలన్నకు. అయినా అడుగు మార్చలేదు.

పున్నమి నాడూ బజారు నవ్వింది. కానీ ఇసుక మొదలయ్యేసరికి అతని గుండెల నిండా ఊపిరి ఉంది. అక్కడ శభాష్ అనేవాళ్ళు ఎవరూ లేరు. ఉన్నది పడవవాడూ, గవరయ్యా. పోలన్న ఉత్తరాల సంచి పడవలో పడేసేసరికి గిన్నె అంచు ఇంకా నీటిపైనే ఉంది.

"నలభై ఏళ్ళ కిందట నేనూ ఇలా చేరవలసినవాణ్ణిరా" అంటూ గవరయ్య అతణ్ణి కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పడవ కదిలిపోయింది.

పిల్లలూ, బలం చాలడం లేదని దిగులుపడేముందు, ఉన్న బలాన్ని ఎవరి మెప్పు కోసం ఎక్కడ ఒలకబోస్తున్నామో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి.