మణికట్టుకు తాడు

కొండ మీద కోట, కోటలో కచేరీ, కొండ దిగువ పేటలో లేఖకుల ఇళ్ళు. లేఖకులు రోజూ పొద్దున్నే మెట్లెక్కి కచేరీకి పోయేవారు, సాయంత్రం దిగి వచ్చేవారు. ఆ మెట్లను ఏ ప్రభువు కట్టించాడో కోట గుమ్మం దగ్గరి శాసనం చెబుతుంది. వాటిని గుంటలు పడేలా అరగదీసిన పాదాలు ఎవరివో చెప్పదు.

ఒకనాడు ప్రభువుకు లేఖకుల మోకాళ్ళ మీద దయ కలిగింది. ఇకమీదట ఎవరూ కొండ ఎక్కనక్కర్లేదని, ఎవరి ఇంట్లో వారు కూర్చుని రాసుకోవచ్చని చాటింపు వేయించాడు. తాటాకుల కట్టలు బండి మీద ఇంటికే వస్తాయి. పని సాగుతోందో లేదో తెలియడానికి మాత్రం ఒక చిన్న ఏర్పాటు జరిగింది. కోట నుంచి ప్రతి ఇంటికీ ఒక తాడు వచ్చింది. దాని కొస లేఖకుడి ఎడమ మణికట్టుకు ఉంటుంది. తాడు కదిలితే వెంటనే తిరిగి లాగాలి. బదులు లాగని చేతికి కొలువు ఉండదు.

చరిత్రలో దయ అన్న మాట కనిపించిన చోటల్లా దాని కింద ఏముందో తవ్వి చూడడం మంచిది. పేట మాత్రం ఆ రోజు పండగ చేసుకుంది.

పడమటి వీధి లేఖకుడు కూడా సంతోషించాడు. తాడు గుమ్మంలోంచి వచ్చి అతని చేతి దాకా బిగువుగా ఉండేది. కుదురుగా కూర్చుంటేనే ఆ బిగువు. లేచి తిరిగితే సడలిపోయి కదలిక తెలిసేది కాదు. అందుకని కూర్చున్నాడు. అన్నం దగ్గరికే వచ్చేది, నీళ్ళు దగ్గరికే వచ్చేవి. దీపాలు పెట్టే వేళకు తాడు నిలిచేది. అప్పటికి లేవాలన్న కోరికా నిలిచిపోయేది.

ఏళ్ళు గడిచాయి. పక్కింట్లో ఒక పెద్ద లేఖకుడు ఉండేవాడు. ఒకప్పుడు మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి, వెనకబడినవాళ్ళను పైనుంచి వెక్కిరించినవాడు. గోడ అవతలి నుంచి అతను ఇప్పటికీ హాస్యమాడేవాడు.

"నా కాళ్ళు కొత్త చెప్పుల్లా ఉన్నాయి తమ్ముడూ! వాడితే కదా అరగడానికి!"

అలా నవ్విన వారంలోనే, జారిపోయిన ఆకుల కట్ట అందుకోబోయి లేచి, నిలబడలేక కూలబడ్డాడు. నలుగురు కలిసి ఎత్తి మళ్ళీ చాప మీద కూర్చోబెట్టారు. కూర్చోగానే అతను వెతుక్కున్నది దెబ్బ తగిలిన చోటు కాదు, తాడు.

పడమటి వీధి లేఖకుడు కిటికీలోంచి అది చూశాడు. ఆ సాయంత్రం తన గడప దాటబోతే తన కాలు కూడా లేవలేదు. చేత్తో ఎత్తి పెట్టుకోవలసి వచ్చింది. తనకు మిగిలిన నడక ఎంతో అతనికి అర్థమైంది.

ఈ సంగతి కోటకు తెలియకపోలేదు. మరుసటి వారం ఆస్థాన వైద్యుడు పల్లకీలో వీధిలోకి వచ్చాడు.

"ప్రభువుల ఆజ్ఞ! లేఖకులంతా రోజూ నడవాలి. నడవనివారికి శిక్ష!"

"మరి తాడో?" అని అరిచాడు లేఖకుడు లోపలినుంచి.

"తాడు వైద్యంలోకి రాదు. కూర్చున్న చోటే పాదాలు ఇలా ఆడించండి." వైద్యుడు పల్లకీలోంచి కాళ్ళు బయటకు చాపి ఆడించి చూపించాడు. బోయీలు చెమటలు కక్కుతూ ముందుకు సాగారు.

లేఖకుడి భార్య వాకిట్లో నిలబడి అంతా చూసింది. "నడవమని చెప్పడానికి మోయించుకుంటూ వచ్చాడు మహానుభావుడు!" అంది.

లేఖకుడికి ఒళ్ళు మండింది. అయినా అతను కచేరీ మనిషి. అతని కోపం కూడా విన్నపంగానే పుట్టింది. "పైకి వెళ్ళి అడుగుతాను. రోజుకొక ఘడియ తాడు ఆపితే చాలు, పెరట్లో నాలుగు అడుగులు వేసుకుంటాం."

"వెళ్ళు. ఆ తాడు ఇలా పారెయ్యి." ఆమె అతని మణికట్టు ముడి విప్పి, తాడును కవ్వానికి కట్టుకుంది. "ఎలాగూ పొద్దస్తమానం లాగేదాన్నే. నీ కొలువు నా మజ్జిగలో కలిపేశాను, పో!"

మెట్ల మీద గడ్డి మొలిచింది. మొదటి మలుపుకే మోకాళ్ళు భగ్గుమన్నాయి. రెండో మలుపులో కూర్చుండిపోయాడు. అక్కడి మెట్టు మీద, ఎవరో కావాలని చెక్కినట్టు, ఒక గుంట ఉంది. పాదం పెడితే సరిగ్గా సరిపోయింది. అతనికి ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. లేచాడు.

కొలువుకూటం గుమ్మంలో పాత ద్వారపాలకుడు అతన్ని చూసి నోరు వెళ్ళబెట్టాడు. "అయ్యగారూ! మీరింకా నడుస్తున్నారే!"

"ప్రభువుల దర్శనం కావాలి."

"వాహ్యాళికి వెళ్ళారండి."

"ఎప్పుడొస్తారు?"

"ఏం చెప్పను? పొద్దున్నా సాయంత్రమూ నడకే. కాళ్ళు గట్టిగా ఉండాలిగా, ఏలేవారికి!"

లేఖకుడు లోపలికి తొంగి చూశాడు. సింహాసనం ఖాళీగా ఉంది. దాని పైన దూలానికి పెద్ద గుడ్డ పంకా వేలాడుతూ అటూ ఇటూ ఊగుతోంది. పేట తాళ్ళన్నీ గోడల రంధ్రాల్లోంచి వచ్చి ఆ పంకాకే ముడిపడి ఉన్నాయి.

"మరి మమ్మల్ని లాగేదెవరు?"

"మొదట్లో ఒక అధికారి లాగేవాడు. చేతులు నొప్పెట్టి, తాళ్ళన్నీ తెచ్చి దీనికి కట్టాడు. తూర్పు వీధివారు లాగితే పంకా అటు ఊగుతుంది, మీ పడమటి తాళ్ళు కదులుతాయి. మీరు బదులు లాగితే వాళ్ళవి కదులుతాయి. మధ్యలో ఎవరూ అక్కర్లేదు. ఈ పూట పడమటి తాడొకటి మహా జోరు మీదుంది సుమండీ!"

"ఖాళీ సింహాసనానికి గాలి దేనికి?"

"మీరు ఆపితే కదండీ అది ఆగేది. ఉండండి, మంచినీళ్ళు తెస్తాను."

లేఖకుడు కిటికీలోంచి చూశాడు. దూరాన తోటలో, కొత్తగా పరిచిన ఎర్రమట్టి బాట మీద, ప్రభువు చేతులు ఊపుకుంటూ చకచకా నడుస్తున్నాడు. విన్నపం కోసం కూర్చుకున్న మాటలన్నీ లేఖకుడి గొంతులోనే కాలిపోయాయి. మొలలోంచి ఆకులు కోసే కత్తి తీశాడు. సింహాసనం మీదికి ఎక్కి నిలబడి, తాళ్ళ ముడిని ఒక్క వేటున కోశాడు. తాళ్ళన్నీ నేలరాలాయి. పంకా ఇంకోసారి ఊగి ఆగిపోయింది.

దిగేటప్పుడు మోకాళ్ళ నొప్పి గుర్తు రాలేదు. వీధుల నిండా జనం ఉంటారనుకున్నాడు. వీధి నిర్మానుష్యంగా ఉంది. తన గుమ్మంలో భార్య నిలబడి ఉంది.

"తాడు చచ్చింది. వెన్న మాత్రం వచ్చింది," అంది.

అతను పక్కింటిలోకి పరుగెత్తాడు. పెద్ద లేఖకుడు సడలిన తాడును రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"కదలకు తమ్ముడూ! మధ్యాహ్నం నుంచి ఉలుకూ పలుకూ లేదు. మనల్ని పరీక్షిస్తున్నారు."

"అన్నా, తాళ్ళు నేనే కోసేశాను. అక్కడ ఎవరూ లేరు. లే!"

పెద్ద లేఖకుడు అతన్ని ఎగాదిగా చూశాడు. "అలా చెప్పి లేపమని నిన్ను పంపించారా?"

లేఖకుడు బయటికి వచ్చాడు. వాకిట్లో మట్టిలో పెద్ద లేఖకుడి తాడు పడి ఉంది. వంగి అందుకుని లాగాడు.

లోపలినుంచి తక్షణం బదులు వచ్చింది.

మళ్ళీ లాగాడు. ఈసారి వదల్లేదు. లోపల చాప కదిలిన చప్పుడు, ఒక మూలుగు వినిపించాయి.

"ఎవరది లాగేది?"

తన పేరు చెబుదామని నోరు తెరిచాడు. ఆ పేరుకు ఈ మనిషి లేవడని అతనికి తెలుసు. అరచేతిలో తాడు కోసుకుంటోంది.

"ప్రభువులవారే!" అని కేక పెట్టాడు. "నడిచి రమ్మంటున్నారు."

పెద్ద లేఖకుడు గోడ పట్టుకుని లేచాడు. గడప దగ్గర తూలాడు. దాటాడు. ఎండలో ఒక అడుగు వేశాడు, తర్వాత ఇంకొకటి. అతని ముఖం పసిబిడ్డ ముఖంలా వెలిగింది.

ఆ కేక వీధంతా విన్నది. అటూ ఇటూ గుమ్మాల్లోంచి ఒక్కొక్క చెయ్యే బయటికి వచ్చింది. ప్రతి చేతిలోనూ ఒక తాడు ఉంది. అన్నీ తాడు లాగిన లేఖకుడి వైపే చాపి ఉన్నాయి.