చేపనూనె కొలిచిన సూరప్ప

ఉప్పుదీవి అనే చిన్న రాజ్యంలో, ఎదుటివాళ్ళ ముఖం కాస్త ముడుచుకుంటే చాలు మాట మార్చేసే సూరప్ప అనే రాజోద్యోగి ఉండేవాడు.

ఆ దీవిలో నువ్వులు పండవు. ఆవులు బతకవు. మనుషుల ఒంటికి కాస్త కొవ్వు అందాలంటే సముద్రమే దిక్కు. వానలు తగ్గాక కవళ్ళు అనే చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డుకు వచ్చేవి. మొదటి వలలో పడ్డ చేపలను ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదని అక్కడ ఆచారం. ఒడ్డునే పెద్ద కుండలో వాటిని ఉడికించి చల్లారనిచ్చేవారు. నూనె పైకి తేలేది. సూరప్ప అందులో కొబ్బరి ఈనె నిలువుగా ముంచి తీసి, నూనె ఎంత మందాన ఉందో రాజుగారి ఎదుట, జనం ఎదుట చెప్పేవాడు. మందంగా ఉంటే పడవలన్నీ వేటకు కదిలేవి, తిన్నంత తినగా మిగిలిన నూనె జాడీలకెక్కి పైదేశాలకు పోయేది. పలచబడితే ఆ ఏడు వేట తగ్గించి చేపను ఎదగనిచ్చేవారు. ఒక్క జాడీ కూడా దీవి దాటేది కాదు. ఇంత పనిని అంత పిరికివాడి చేతిలో పెట్టారంటే రాజుగారి తెలివిని మెచ్చుకోవాల్సిందే!

ఒక ఏడు నూనె బాగా పలచబడింది. ఆ రోజు రాజుగారు పైదేశపు వర్తకులను పక్కనే కూర్చోబెట్టుకుని ఉన్నారు.

"ఏం సూరప్పా, ఎలా ఉంది?" అని నవ్వుతూ అడిగారు.

ఆ నవ్వు ఎక్కడ పోతుందోనని సూరప్పకు భయం వేసింది. ఎవరూ చూడకుండా ఈనెను కొద్దిగా వాల్చి ముంచాడు. వాల్చి ముంచితే నూనె ఈనె మీద ఎక్కువ మేర అంటుకుంటుంది.

"పోయినేడు లాగే ఉంది ప్రభూ" అన్నాడు.

డప్పులు మోగాయి. పడవలు కదిలాయి. మరుసటి ఏడు ఈనెను ఇంకాస్త వాల్చాడు. ఆ పై ఏడు మరికాస్త. "వచ్చే ఏడు చేప బలుస్తుంది, అప్పుడు నిలువుగానే ముంచుతాను" అని తనకు తాను సర్దిచెప్పుకునేవాడు. చేప బలవలేదు. ఎదగకముందే వలలో పడుతుంటే ఎలా బలుస్తుంది? ఒకప్పుడు తన నూనెలో తనే వేగిన చేప, ఇప్పుడు పెనానికి అంటుకుని మాడసాగింది. ఆడవాళ్ళు పెనాన్ని తిట్టుకున్నారు.

అప్పుడు ఆ దీవికి భయం పట్టుకుంది. పొద్దు వాలితే చాలు, పిల్లలు గడపలు తన్నుకుని పడిపోయేవారు. ఒక పిల్ల తన ఇంటి ముందే నిలబడి మా ఇల్లెక్కడ అని ఏడ్చింది. అసురసంధ్యవేళ ఏదో వచ్చి పిల్లల కళ్ళు మూస్తోందని ఊరంతా గుసగుసలాడారు. సూర్యుడు దిగకముందే తలుపులు బిగించేవారు. లోపల తల్లులు పిల్లల ముఖాల ముందు చేతులు ఆడించి చూసేవారు. రెప్ప కదలకపోతే నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చేవారు.

సూరప్పకు పైడి అనే మనవరాలు ఉండేది. తల్లీ తండ్రీ లేని పిల్ల. తాతకు ఆ పిల్లే ప్రాణం. ఒకనాటి సాయంత్రం అన్నం తింటూ పైడి పళ్ళేన్ని వదిలేసి నేల మీద తడుముకోవడం సూరప్ప చూశాడు. మర్నాడే పిల్లను ఎత్తుకుని వైద్యుడు గవరయ్య ఇంటికి పరుగెత్తాడు.

గవరయ్య పిల్ల కళ్ళు పరీక్షగా చూశాడు. "ఎడమ కంటి మీద తెల్లగా పొర కూడా మొదలైంది. ఒంట్లో చేపకొవ్వు తగ్గితే ఇలా అవుతుందని మా నాన్న చెప్పేవాడు. నూనె పడితే తగ్గుతుందట" అన్నాడు. అంతలోనే తల అడ్డంగా ఊపాడు. "కానీ మన దీవిలో కొవ్వుకేం తక్కువ? మొన్ననే కదా మీ నోటితో మీరే చెప్పారు! ఇది జబ్బు కాదు సూరప్పగారూ, గాలి సోకింది. అమావాస్యనాడు పిల్లలందరికీ కణతల మీద వాతలు పెట్టించాలి."

సూరప్ప పిల్లను ఎత్తుకుని ఇంటిదారి పట్టాడు. రాజుగారి కొట్లో నూనె ఉంది. అడిగితే ఎందుకని అడుగుతారు. చెబితే తల ఎగిరిపోతుందేమో! రోజులు గడిచాయి. పిల్ల కంటి మీద పొర ముదిరింది. సూరప్ప ఏడుస్తూ కూర్చున్నాడు గాని, నోరు విప్పలేదు.

వాతలు పెట్టే రోజు రానే వచ్చింది. రాత్రి పెట్టబోయే వాతలకు ఇనుప కడ్డీలు కాలుస్తున్నారని విని, పైడి హడలిపోయి సముద్రపు రాళ్ళలోకి పారిపోయి దాక్కుంది. సాయంత్రం సూరప్ప వెతుక్కుంటూ వచ్చేసరికి పోటు మొదలైంది. పిల్ల ఒక రాతి మీద నిలబడి ఉంది. చుట్టూ నీళ్ళు పొంగుతున్నాయి.

"పైడీ!"

"తాతా! ఎక్కడున్నావు?"

పడమటి ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంది. పిల్ల ముఖం సూరప్పకు స్పష్టంగా కనిపిస్తోంది. అతని వైపే చూస్తోంది.

"ఇక్కడే, నీ ఎదురుగానే ఉన్నాను తల్లీ!"

"దీపమైనా తేలేదేం తాతా? ఇంత చీకట్లో ఎలా వచ్చావు?"

అలల హోరులో తాత గొంతు అటునుంచి వచ్చిందనుకుని పిల్ల సముద్రం వైపు అడుగు వేసింది. అల వచ్చి కాళ్ళు లాగేసింది. సూరప్ప నీళ్ళలోకి దూకాడు. జుట్టు దొరికింది. జుట్టు పట్టుకునే ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు.

తడిసిన బట్టలతో, వణుకుతున్న పిల్లను భుజాన వేసుకుని, తిన్నగా రాజుగారి ఎదుటికి వెళ్ళాడు.

"ప్రభూ, గాలీ లేదు, దెయ్యమూ లేదు. చేపలో కొవ్వు లేదు. నేను ఏటేటా ఈనె వాల్చి ముంచి అబద్ధం చెప్పాను."

రాజుగారి ముఖం నల్లబడింది. సూరప్ప ఇన్నేళ్ళూ భయపడింది ఆ ముఖానికే. ఇప్పుడు తల దించుకోలేదు.

"ఎందుకు చెప్పలేదు?"

"మీకు కోపం వస్తుందని."

"వచ్చేది. ఒక పూట ఉండేది. తరువాత పడవలు ఆపించేవాణ్ణి" అన్నారు రాజుగారు. "నవ్వుతూ చెప్పే మాటలే వినడం నాకూ అలవాటైపోయింది."

కడ్డీలు చల్లార్చారు. ఓడలెక్కిన నూనె జాడీలను దింపించి, ఇంటింటికీ పంచారు. చేప ఎదిగేదాకా వేట తగ్గించారు. సూరప్ప కొలువు పోయింది. కొన్నాళ్ళకు పిల్లలు ఒక్కొక్కరే సందెవేళ వీధిలోకి వచ్చి ఆడుకోసాగారు. పైడి కుడి కన్ను నిలిచింది. ఎడమ కంటికి మాత్రం నూనె ఆలస్యంగా అందింది.

ఇప్పటికీ తాతతో బజారుకు బయలుదేరితే ఆ పిల్ల, "నువ్వు నాకు ఎడమ పక్కన నడువు తాతా, అటు నాకు ఏమీ కనబడదు" అంటుంది. సూరప్ప అటు వచ్చి నడుస్తాడు.

పెద్దవాళ్ళ కోపానికి భయపడి చెడ్డ కబురు దాచేవాడు తనొక్కడే చెడడు, ఏ పాపమూ ఎరుగనివాళ్ళను కూడా చెరుపుతాడు. కాబట్టి నిజం ఎంత చేదుగా ఉన్నా మొదటి రోజే చెప్పాలి.