పెంకులు తన్నని పెళ్లి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు మనవాళ్లు. చెక్ దేశంలో ఇలాంటి సామెత ఉందో లేదో గానీ, ఆ వారం రాడిమ్ షుస్టర్‌కి అందులో రెండో సగం బాగా తెలిసొచ్చింది. సోమవారం నుంచీ అతను ఒక పెళ్లి చేయలేక తల పట్టుకుని కూర్చున్నాడు. పెళ్లి అతనిది కాదు, అతని సినిమాలోది.

అతనికి అది మొదటి సినిమా. ఆ దేశంలోనే మొరావియా అనే ప్రాంతంలో ద్రాక్షతోటల మధ్య ఉన్న ఒక పల్లెటూళ్లో, నటులెవరినీ పెట్టుకోకుండా ఊరివాళ్లతోనే తీస్తున్నాడు. పెళ్లికూతురు పోస్టాఫీసులో స్టాంపులు అమ్మే లుద్మిల. పెళ్లికొడుకు ట్రాక్టరు నడిపే వోయ్తా. చుట్టాలుగా వేస్తున్నది ఊరు ఊరంతా. నిజం పెళ్లిళ్లలో ఆ మనుషులు వయొలిన్ వాయించేవాడి చెయ్యి పడిపోయేదాకా గెంతుతారు. అదే మనుషులు రాడిమ్ కెమెరా ముందుకొచ్చేసరికి గుర్తింపు కార్డు ఫొటోకి నిలబడ్డట్టు బిగుసుకుపోతున్నారు. నవ్వమంటే పళ్లు చూపిస్తున్నారు.

ఆ రోజుల్లో అక్కడ సినిమా తీయాలన్నా ఆపాలన్నా ప్రభుత్వ స్టూడియోదే పెత్తనం. స్టూడియో పెద్ద హుబాచెక్ రాజధాని ప్రాగ్ నుంచి కబురు పెట్టాడు. ఈ వారంలో పెళ్లి సీను పూర్తి కాకపోతే సినిమా ఇంకొకరి చేతుల్లో పెడతామన్నాడు. హుబాచెక్ ఉత్తుత్తి బెదిరింపులు చేసే మనిషి కాదు.

సీనులో ఉన్నది ఆ ప్రాంతం వాళ్ల ఆచారమే. పెళ్లి భోజనాలకి ముందు కొత్త దంపతుల కాళ్ల దగ్గర పింగాణీ పళ్లెం ఒకటి పగలగొడతారు. ఇద్దరూ కలిసి ఆ పెంకులు ఊడ్చి ఎత్తాలి. చుట్టాలు ఊరుకుంటారా? ఊడ్చిన కుప్పని కాళ్లతో తన్ని చెల్లాచెదురు చేస్తారు. వీళ్లు మళ్లీ ఊడుస్తారు, వాళ్లు మళ్లీ తంతారు. రేపు కాపురంలో ఏ చిక్కొచ్చినా ఇద్దరూ కలిసి సర్దుకోవాలని దాని అర్థమట. తన్నేవాళ్లకి మాత్రం అర్థంతో పని లేదు.

రాడిమ్ ప్రాగ్ నగరంలో పుట్టి పెరిగినవాడు, సినిమా బడిలో మొదటివాడిగా పాసైనవాడు. తీయబోయే ప్రతి షాటుకీ ముందే బొమ్మ గీసుకున్నాడు. బొమ్మలు నిజంగానే బాగుంటాయి, ఆ సంగతి అతనికీ తెలుసు. ఆ బొమ్మల్లో పెళ్లికూతురు చీపురు పట్టుకుని వంగుతుంది, కిటికీ వెలుగు ఆమె మెడ మీద పడుతుంది, వెనక చుట్టాలు వరసగా నిలబడి చిరునవ్వు నవ్వుతారు. వాళ్లు కాళ్లు విసిరితే వరస చెడుతుంది, నీడలు అడ్డం పడతాయి. అందుకని పెంకులు తన్నడం తీసేశాడు. ఎవరెక్కడ నిలబడాలో నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. పాదం గుర్తు దాటితే మెళ్లో ఉన్న ఈల వేసి ఆపేస్తాడు.

పెంకులు ఎదురుగా పెట్టి తన్నొద్దని ఆ ఊరివాళ్లకి చెప్పడం, ఆవకాయ ముద్ద నోట్లో పెట్టి నమలొద్దని చెప్పడం లాంటిది. అయినా మర్యాదస్తులు కాబట్టి నిలబడ్డారు.

శుక్రవారం పొద్దున్నే రాడిమ్ పరువు సంగతి పక్కన పెట్టి తన గురువుకి ఫోన్ చేశాడు.

గురువు పేరు యారోమీర్ కొత్ర్బా. ఒకప్పుడు దేశమంతా ఎరిగిన దర్శకుడు. రొట్టెలు కాల్చేవాళ్లనీ రైలు గార్డుల్నీ తెర మీదికెక్కించి, మూడు సినిమాలతో జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాడు. నాలుగో సినిమాలో మంత్రిగారు ప్రసంగం చేస్తుంటే మధ్యమధ్య ఒక బాతు అరుస్తుంది. ఆ బాతు పైవాళ్లకి నచ్చలేదు. సినిమాని గదిలో పెట్టి తాళం వేశారు. కొత్ర్బాని చిన్న చిత్రాల విభాగంలోకి తోసేశారు. అప్పట్నుంచీ ఆయన తీసినవన్నీ రోడ్డు దాటడం ఎలా, పాల క్యాన్లు కడగడం ఎలా, అలాంటివే.

ఇంకొకడైతే కుమిలి కుమిలి మంచం పట్టేవాడు. ఈయన పాల క్యాన్ల సినిమా ఎలా తీశాడంటే, అసలు సినిమాకి టికెట్టు కొన్న జనం దీనికోసం ముందుగా వచ్చి కూర్చునేవాళ్లు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అందులో క్యాను కడిగే ఆవిడ మూత చంకలో పెట్టుకుని దానికోసం డెయిరీ అంతా తిరుగుతుంది. హాలు ఊగిపోయేది. క్యాన్లు కడగడం కూడా జనానికి బాగానే ఒంటబట్టిందని డెయిరీవాళ్లు చెప్పుకునేవాళ్లు.

ఆ క్యాన్ల సినిమాకి ఆయన వెనకాల కెమెరా ట్రైపాడ్ మోసింది రాడిమే. మాస్టారికి లేకుండా పోయిన పెద్ద సినిమా అవకాశం తనకి దక్కిందని అతనికి గర్వంగా ఉండేది. ఇప్పుడిది కూడా పోతుందేమోనని భయంగా ఉంది.

మధ్యాహ్నం బస్సులో కొత్ర్బా దిగాడు. నెత్తిన పాత టోపీ, చేతిలో బేరిపళ్ల సంచీ. రాడిమ్ ఎదురెళ్లి, ఊరివాళ్లకి నటన అస్సలు రాదనీ, ఎన్ని సార్లు చెప్పినా మొద్దుల్లా నిలబడుతున్నారనీ దారి పొడుగునా మొర పెట్టుకున్నాడు. తర్వాత తన బొమ్మలు చూపించాడు. కొత్ర్బా ఒక్కో కాగితం తిప్పుతూ నింపాదిగా చూశాడు.

"బాగున్నాయి. ఈ మెడ మీద వెలుగు చాలా బాగుంది," అన్నాడు. ఆ తర్వాత, వంటిల్లు ఎటువైపని అడిగాడు.

రాడిమ్‌కి ప్రాణం ఉసూరుమంది. మాస్టారు వచ్చి సీను చక్కబెడతాడనుకుంటే భోజనం మీద పడ్డాడు.

వంటింట్లో ఫ్రాంటిష్క అత్త ఉంది. ఆ ఊళ్లో ఏ పెళ్లికైనా వంటపెత్తనం ఆవిడదే, సినిమా పెళ్లికి కూడా. కొత్ర్బా నడుముకి ఆప్రాన్ కట్టుకుని ఆవిడ పక్కన కూర్చుని బేరిపళ్లు కోయడం మొదలుపెట్టాడు. ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారో, ఎవరి పెళ్లికొడుకు చర్చికి వచ్చేదారిలో నిద్రపోయాడో చుట్టూ చేరిన ఊరివాళ్ల చేత అన్నీ చెప్పించుకున్నాడు. అక్కడి నవ్వులు పక్కనే షూటింగు జరిగే హాల్లోకి వినిపిస్తుంటే, రాడిమ్ మోకాళ్ల మీద కూర్చుని చెరిగిన సుద్ద గుర్తుల్ని మళ్లీ దిద్దుకున్నాడు. వంటింట్లో నవ్వుతున్నది కూడా ఆ మొద్దులేనని తలచుకుంటే అతనికి ఒళ్లు మండింది.

భోజనాలయ్యాక అందరూ వచ్చి ఎవరి గుర్తు మీద వాళ్లు నిలబడ్డారు. వెంటనే మొహాలు బిగుసుకున్నాయి. రాడిమ్ షాటు వివరించబోతుండగా కొత్ర్బా ఆప్రాన్‌తోనే హాల్లోకి వచ్చాడు. ఒక చేతిలో చీపురుంది, ఇంకో చేతిలో తెల్ల పళ్లెం ఉంది. తిన్నగా రాడిమ్ ఎదురుగా వచ్చి, ఆ పళ్లేన్ని అతని కాళ్ల దగ్గర వదిలేశాడు. అది భళ్లుమని పగిలింది.

"ఊడ్చు," అన్నాడు చీపురు అందిస్తూ.

"మాస్టారూ, వెలుగు పోతోంది."

"అందుకే. త్వరగా ఊడ్చు."

గురువు మాట తీసెయ్యలేక రాడిమ్ చీపురు పట్టుకున్నాడు. జీవితంలో ఎక్కువగా పట్టుకున్నది కాదు కాబట్టి పెంకులు సగం వచ్చి సగం వెనకపడ్డాయి. ఎలాగో ఒక కుప్ప చేశాడు. అందరూ ఆ కుప్ప వంకే చూస్తున్నారు. దాహమేసినవాడు కుండ వంక చూసే చూపు అది.

ముందు ఫ్రాంటిష్క అత్త కాలు కదిలింది. మెల్లిగా, ఏమీ ఎరగనట్టు గుర్తు దాటి వచ్చి కుప్పని ఒక్క తన్ను తన్నింది.

రాడిమ్ ఈల అందుకోబోయాడు. చేతిలో చీపురుంది. పెంకులు ఏరడానికి వంగితే ఇటునుంచి వోయ్తా తన్నాడు. అటు తిరిగితే మోకాలు వంగని ముసలాయన ఒకడు చేతికర్రతో తన్నాడు. ఇక ఆగలేదు. రాడిమ్ కోపంగా ఊడుస్తున్నాడు, వాళ్లు తంతున్నారు, అతను ఇంకా కోపంగా ఊడుస్తున్నాడు. బల్ల కిందికి పోయిన పెంకుకోసం పాక్కుంటూ వెళ్లి, బయటికొచ్చేసరికి ఊడ్చిందంతా మళ్లీ హాలంతా పరుచుకుని ఉంది. అది చూసి అతనికి నవ్వొచ్చింది. ఒకసారి వచ్చాక ఆగలేదు. నేల మీదే కూలబడి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. లుద్మిల జాలిపడి చేట తెచ్చి పక్కన కూర్చుంది. దాన్ని కూడా ఎవరో తన్నేశారు. నేల మీద సుద్ద గుర్తు ఒక్కటి మిగల్లేదు.

కాసేపటికి రాడిమ్‌కి తెలివొచ్చింది. ఇన్ని రోజులూ తను అడుక్కున్న మొహాలు ఇవే. ఇవే నవ్వులు. కెమెరామన్ వైపు తిరిగాడు.

"జ్దెనెక్, తీశావా?"

జ్దెనెక్ లెన్సు వైపు వేలు చూపించాడు. దాని మీద కొత్ర్బా టోపీ తగిలించి ఉంది.

రాడిమ్ చీపురు కింద పడేశాడు. ఏడుపొక్కటే తక్కువ. "ఎందుకిలా చేశారు మాస్టారూ?" అన్నాడు.

కొత్ర్బా టోపీ తీసి, దుమ్ము దులిపి, నెత్తిన పెట్టుకున్నాడు.

"వాళ్లకి చెప్పకుండా ఎలా తీస్తాం?" అన్నాడు. "వంటింట్లో పళ్లేలు ఇంకా ఉన్నాయి."

అంతే. ఆప్రాన్ విప్పి అత్త చేతికిచ్చాడు. ఆవిడ మూటకట్టి ఇచ్చిన తీపి రొట్టెలు చంకన పెట్టుకుని బస్సు కోసం వెళ్లిపోయాడు. షాటు చూడడానికైనా ఆగలేదు.

రాడిమ్ తన బొమ్మల కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. నేల వంక చూశాడు. కాగితాలు మడిచి కెమెరా పెట్టెలో పెట్టేశాడు. తర్వాత ఊరివాళ్లందరినీ దగ్గరికి పిలిచి, ఈసారి కెమెరా తిరుగుతుందని ఉన్న మాట చెప్పాడు. మీ ఇళ్లల్లో పెళ్లి ఎలా చేసుకుంటారో అలాగే చెయ్యండి, నాకు సరిగా తెలియదు అన్నాడు. అలా ఒప్పుకోవడం అతనికి అదే మొదలు. చెప్పాక హాయిగా ఉంది.

ఫ్రాంటిష్క అత్త ఆ పొద్దుటిదాకా అతన్ని డైరెక్టరుగారూ అనేది.

"అయితే తన్నొచ్చా, అబ్బాయ్?" అంది.

"తన్నండి అత్తా."

ఇంకో పళ్లెం తెచ్చారు. కెమెరా తిరిగింది. పళ్లెం లుద్మిల, వోయ్తాల కాళ్ల దగ్గర పగిలింది. ఆ తర్వాత జరిగినదంతా రాడిమ్‌కి సరిగా గుర్తు లేదు. వెలుగు చాలిందని జ్దెనెక్ చెబితే తెలిసింది.

ఫిల్ము కడిగించి, తర్వాతి వారం ప్రాగ్‌లో చిన్న థియేటర్లో వేశారు. ముందు వరసలో హుబాచెక్ కూర్చున్నాడు. అతని పక్కన రాడిమ్. వెనక ఎక్కడో చీకట్లో కొత్ర్బా. చిన్న చిత్రాలవాళ్లకి పెద్ద సినిమాలకి తీసిన ఫిల్ము ముక్కలతో పని లేకపోయినా, దారిన పోతూ తొంగిచూసినట్టు వచ్చి కూర్చున్నాడు.

తెర మీద పళ్లెం పగిలింది. లుద్మిల ఊడుస్తోంది, వోయ్తా ఎత్తుతున్నాడు, ఊరంతా తంతోంది. మోకాలు వంగని ముసలాయన చేతికర్ర ఊపాడు. హుబాచెక్ భుజాలు కదలడం రాడిమ్ చూశాడు. దగ్గు అనుకున్నాడు. కాదు, హుబాచెక్ నవ్వుతున్నాడు. మళ్లీ వెయ్యమన్నాడు. ఇంకోసారి వేయించుకున్నాడు. సినిమా నీదే, మిగతాది పూర్తి చెయ్ అన్నాడు. రాడిమ్‌కి గుండెల మీంచి బండ దిగినట్టయింది.

అంతలో హుబాచెక్ ముందుకు వంగి, తెర ఎడమ అంచు వైపు వేలు చూపించాడు. అక్కడ అందరూ పెళ్లి బట్టల్లో ఉంటే, ఒకడు మాత్రం మాసిన స్వెట్టర్‌లో ఉన్నాడు. మెళ్లో ఈల ఎగిరెగిరి పడుతోంది. పక్కనున్న అత్త భుజం పట్టుకుని, ఒంటికాలి మీద గెంతుతూ, లోకం మర్చిపోయి పెంకులు తంతున్నాడు.

"ఇది నువ్వే కదా?" అన్నాడు హుబాచెక్. "దర్శకుడికి ఫ్రేములో ఏం పని?"

రాడిమ్ కుర్చీలో కిందికి జారాడు.

వెనక చీకట్లోంచి కొత్ర్బా గొంతు వినిపించింది.

"ఆయన దర్శకుడు కాదండీ. పెళ్లికూతురు తరఫు."